పందిరి డైరీ: కాంతిని ఎడమ సందుకీ కుడి సందుకీ మళ్లించే పని

1వ వారం

పని చెప్పుకోవడానికి చిన్నదే. గాజు పలక మీద బంగారంతో చేసిన ఒక బుల్లి ఆకారం, అందులో రెండు సన్నని సందులు. సందుల మధ్య దూరం 320 నానోమీటర్లు. బీమ్‌ని కదపకూడదు, శాంపిల్‌ని కదపకూడదు. లేజర్ పల్స్ ఆకారం ఒక్కటే మార్చి, వెలుగు ఎడమ సందులో పోగవ్వాలా కుడి సందులోనా అన్నది నేను నిర్ణయించాలి.

లెన్సుతో గురిపెట్టి కొట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కుదరదు. కాంతిని దాని తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే చిన్న చుక్కగా లెన్సు కుదించలేదని ఎర్న్‌స్ట్ అబ్బే 1873లోనే తేల్చాడు. నా లేజర్ 800 నానోమీటర్లది, కిందినుంచి కొట్టే ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ లెన్సు) న్యూమరికల్ అపెర్చర్, అంటే కాంతిని ఎంత వెడల్పు కోణంలో కుదించగలదో చెప్పే అంకె, 0.4. చుక్క వెడల్పు ఇంచుమించు ఒక మైక్రాన్ వస్తుంది. రెండు సందులూ ఆ చుక్కలో మునిగిపోయి ఉంటాయి. అంటే లెన్సు దృష్టిలో ఎడమా లేదు, కుడీ లేదు.

ఆ తేడా బంగారానికి తెలుసు. కాంతి తగిలితే లోహంలోని ఎలక్ట్రాన్లు గుంపుగా ఊగుతాయి, ప్లాస్మాన్ అనేది ఈ ఊపునే. రెండు కడ్డీల మధ్య 20 నానోమీటర్ల సందు ఉంటే అటూ ఇటూ ఆవేశాలు ఎదురెదురుగా చేరి, విద్యుత్ క్షేత్రం ఆ సందులో బిగుసుకుపోతుంది. ఊపును మన అదుపులోకి తెచ్చుకుంటే వెలుగు ఎక్కడ పోగవ్వాలో కూడా మనమే చెప్పొచ్చు. ఈ ఆలోచన నాది కాదు. స్టాక్‌మన్, ఫలేవ్, బెర్గ్‌మన్ 2002లో కాగితం మీద చూపించారు. 2007లో ఎష్లిమన్, బ్రిక్స్‌నర్, ఫైఫర్‌లున్న జర్మన్ బృందం వెండి నిర్మాణాల మీద చేసి చూపించింది. వాళ్లు లోహం నుంచి ఎగిరి వచ్చే ఎలక్ట్రాన్లతో బొమ్మ తీశారు. నాకు ఆ యంత్రం లేదు, మామూలు కెమెరాయే దిక్కు. అందుకే సందులను 320 నానోమీటర్ల దూరంలో పెట్టాను. లోపలికి పంపేది 0.4 ఆబ్జెక్టివ్, బయటికొచ్చే వెలుగును పట్టేది పైనున్న 1.4 ఆయిల్ ఆబ్జెక్టివ్. బంగారం రెండు ఫోటాన్లు మింగి 600 నానోమీటర్ల ప్రాంతంలో మినుకుమంటుంది. ఆ రంగులో పై ఆబ్జెక్టివ్ చుక్క వెడల్పు సుమారు 220 నానోమీటర్లు, కాబట్టి రెండు సందులూ కెమెరాలో విడివిడిగా కనిపించాలి. కొద్దిగా అతుక్కున్నట్టు ఉన్నా లెక్కతో విడదీయొచ్చు.

ఆకారానికి ల్యాబ్‌లో పందిరి అని పేరు పడిపోయింది. అటూ ఇటూ లోపలికి వాలిన రెండు చిన్న కడ్డీలు, పైన అడ్డంగా ఒక పొడుగు కడ్డీ. అడ్డకడ్డీ రెండు కొసలకీ వాలు కడ్డీలకీ మధ్య ఉన్నవే ఆ రెండు సందులు.

2వ వారం

సిమ్యులేషన్. బంగారానికి 1972 నాటి జాన్సన్, క్రిస్టీల కొలతలు వాడాను. గడి సైజు 2 నానోమీటర్లు. ఒక్కో రన్ ఒక రాత్రంతా పట్టింది. మొదట్లో ప్రతి పల్స్ ఆకారానికీ ఒక రన్ వెయ్యాలేమో అని బెంగపడ్డాను. కాగితం మీద రాసుకుంటే గానీ బుర్రకెక్కలేదు: కాంతి ఎలక్ట్రాన్లను ఊపడం వరకు అంతా లీనియర్, అంటే కాంతులు కలిస్తే ఫలితాలూ అలాగే కూడుకుంటాయి. నిలువు పోలరైజేషన్‌కి (కాంతి క్షేత్రం నిలువుగా ఊగితే) ఒక రన్, అడ్డం పోలరైజేషన్‌కి ఒక రన్, అంతే. ఎలాంటి పల్స్ పంపినా, సందులోని క్షేత్రం ఆ రెండు జవాబులను తగిన పాళ్లలో కలిపితే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒక్కో పల్స్‌ని పరీక్షించడానికి రెప్పపాటు చాలు.

అసలు కిటుకు ఇక్కడుంది. నిలువు కాంతి రెండు సందుల్లోనూ ఎదురెదురు దిశల్లో క్షేత్రం పుట్టిస్తుంది. అడ్డం కాంతి రెండింట్లోనూ ఒకే దిశలో పుట్టిస్తుంది. రెండూ కలిపి పంపితే ఒక సందులో కూడుకుంటాయి, రెండో సందులో కొట్టేసుకుంటాయి. వాటి మధ్య ఫేజ్‌ని (ఊపుల ముందువెనకల తేడాని) సగం చక్రం, అంటే π అంత జరిపితే సందులు తారుమారు.

మరి అంతమాత్రానికి పల్స్ ఆకారం మార్చే షేపర్ ఎందుకు, పోలరైజేషన్‌ని 45 డిగ్రీలు ఒరగదీసే వేవ్‌ప్లేట్ చాలదా? నేనూ ఇదే అడిగాను. ఉయ్యాలను దాని సహజ వేగం కంటే నెమ్మదిగా ఊపితే మన చేతితో పాటే కదులుతుంది. దానికంటే వేగంగా ఊపబోతే చేతికి ఎదురు కదులుతుంది. సరిగ్గా ఆ వేగంలో పావు చక్రం వెనకబడుతుంది. నా పందిరిలో నిలువు ఊపు 760 నానోమీటర్ల దగ్గర, అడ్డం ఊపు 840 దగ్గర గట్టిగా పలుకుతున్నాయి. కాబట్టి రెండింటి మధ్య ఫేజ్ తేడా ఒక్కో రంగుకీ ఒక్కోలా ఉంటుంది. వేవ్‌ప్లేట్ అన్ని రంగులకీ దాదాపు ఒకే మందు వేస్తుంది. షేపర్ రంగు రంగుకీ వేరే మందు వేయగలదు.

వెలుగు ఎంత ఒరిగిందో చెప్పడానికి ఒక అంకె పెట్టుకున్నాను: ఎడమ నుంచి కుడి తీసేసి, మొత్తంతో భాగించడం. సున్నా అంటే సమానం, +1 అంటే మొత్తం ఎడమే. సిమ్యులేషన్‌లో వేవ్‌ప్లేట్‌తో 0.3, సరైన పల్స్‌తో 0.8 వచ్చింది. దాన్ని చూసి అంత సంబరపడాల్సింది కాదని తర్వాత తెలిసింది.

4వ వారం

తయారీ. పల్చటి రెసిస్ట్ (ఎలక్ట్రాన్లు తగిలిన చోట కరిగే) పూత మీద ఎలక్ట్రాన్ బీమ్‌తో గీయడం, కరిగించి తీయడం, 30 నానోమీటర్ల బంగారం పోయడం, అసిటోన్‌లో నానబెట్టడం. అసిటోన్ బీకరులో శాంపిల్ వేశాక బంగారు పొర ముడతలు పడుతూ పొట్టులా లేస్తుంది. ఆ ముక్కలు అసిటోన్‌లో మెరుపు కాగితంలా తిరుగుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది, అందులో మన పందిళ్లు కూడా లేచిపోయాయేమో అన్న టెన్షన్ లేకపోతే.

మొదటి శాంపిల్‌లో సందులే లేవు, డోసు ఎక్కువై కడ్డీలు అతుక్కుపోయాయి. రెండోదాంట్లో డోసు తగ్గిస్తే అడ్డకడ్డీలు మధ్యలో విరిగాయి. మూడోదానికి డోసును అడుగడుగునా కొద్దికొద్దిగా మారుస్తూ వరసలు వేశాను. మూడో వరసలో తొమ్మిదింటికి అయిదు బాగున్నాయి. బంగారం గాజుకు అంటుకోవడానికి కింద టైటానియం వేస్తారు. అది మందమైతే ప్లాస్మాన్ ఊపును చంపేస్తుంది. ఒక నానోమీటరుతో సరిపెట్టుకున్నాను. మేడమ్ ఆ వరస పక్కనే ఇంకో వరస వేయమన్నారు: 320 నానోమీటర్ల దూరంలో రెండు ఒంటరి గుండ్రటి బంగారు బిళ్లలు, వాటికి పందిరి లేదు, ఏమీ లేదు. "ఇప్పుడు అక్కర్లేదనిపిస్తుంది, తర్వాత వెతుక్కుంటావు" అన్నారు. అయిష్టంగానే వేశాను.

5వ వారం

షేపర్ కట్టడం. గ్రేటింగ్ పల్స్‌ని రంగులుగా విప్పుతుంది, వంపు అద్దం వాటిని ఒక గీత మీద పరుస్తుంది, ఆ గీత మీద 640 పిక్సెళ్ల లిక్విడ్ క్రిస్టల్ రెండు పొరలుగా ఉంటుంది, అవతల మళ్లీ అద్దం, మళ్లీ గ్రేటింగ్. 700 నుంచి 900 నానోమీటర్ల వరకూ పరిచాను, పిక్సెల్‌కి 0.31 నానోమీటర్లు పడింది. రెండు పొరలూ కలిసి ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు పోలరైజేషన్లకు విడివిడిగా ఫేజ్ ఇస్తాయి. పల్స్‌లు సెకనుకు 8 కోట్లు వస్తున్నా, లిక్విడ్ క్రిస్టల్ ఒక మాస్క్ (పిక్సెళ్లన్నిటికీ ఇచ్చే ఫేజ్‌ల వరస) నుంచి ఇంకో మాస్క్‌కి మారడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో పల్స్‌ని విడిగా మలచడం కాదు, ఒకే అచ్చులోంచి కోట్ల పల్స్‌లు పోతాయి.

అలైన్‌మెంట్‌కి ఆరు రోజులు. దాని గురించి రాయడానికేమీ లేదు, మెడ నొప్పి తప్ప.

6వ వారం: పందిరి కరిగిన రోజు

నా లేజర్ బ్యాండ్‌విడ్త్ (రంగుల పరిధి) 60 నానోమీటర్లు. దాన్నిబట్టి పల్స్ 16 ఫెమ్టోసెకన్లు ఉండాలి (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు). లేజర్ నోటి దగ్గర అంతే ఉంది కూడా. శాంపిల్ మీద ఎంత ఉందో కొలవకుండానే మొదలుపెట్టేశాను. అదే తప్పు.

సిగ్నల్ లేదు. పవర్ పెంచాను. మసకగా ఏదో కనిపించింది. ఇంకాస్త పెంచాను. 1 మిల్లీవాట్ దగ్గర రెండు చుక్కలు వెలిగాయి, నాలుగు సెకన్లకు ఎడమది ఆరిపోయింది. తర్వాత కుడిది. శాంపిల్‌ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే కడ్డీల కొసలు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి, వాలు కడ్డీ ఒకటి దాదాపు గోళీ అయిపోయింది. లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. 1 మిల్లీవాట్ అంటే పల్స్‌కి 12.5 పికోజౌళ్లు. అంకె చిన్నదే గానీ, ఒక మైక్రాన్ చుక్కలో పడితే ఇంత సన్నని కడ్డీలకు అది ఎక్కువే.

తప్పు ఎక్కడుందంటే గాజులో. ఎరుపు రంగు గాజులో కాస్త ముందు పోతుంది, నీలం వైపుది వెనకబడుతుంది, పల్స్ సాగిపోతుంది. 800 నానోమీటర్ల దగ్గర ఫ్యూజ్డ్ సిలికా ఒక్కో మిల్లీమీటరుకూ 36 చదరపు ఫెమ్టోసెకన్ల చిర్ప్ (రంగుల మధ్య ఈ ముందువెనకల తేడా) కలుపుతుంది. ఆబ్జెక్టివ్, ఐసొలేటర్, పోలరైజర్లు అన్నీ కలిపితే నా దారిలో మొత్తం 2000 దాకా తేలింది. 16 ఫెమ్టోసెకన్ల పల్స్ ఆ దారిలో నడిచి వచ్చేసరికి దాదాపు 350 అవుతుంది. దాదాపు 22 రెట్లు సాగింది. రెండు ఫోటాన్ల సిగ్నల్ కూడా అన్ని రెట్లు పడిపోయింది. నేనేమో పల్స్‌ని కుదించాల్సింది పోయి పవర్ పెంచి కడ్డీలు కరిగించాను.

7వ వారం

శాంపిల్ ఉండే చోటే కాంతి ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసే పల్చటి బీబీఓ క్రిస్టల్ పెట్టి, మార్కోస్ డాంటస్ బృందం 2004లో తెచ్చిన పద్ధతిలో పల్స్ కొలిచాను. షేపర్ మీద ఒక సైన్ అల పెట్టి దాన్ని జరుపుతూ పోతే, రెట్టింపు ఫ్రీక్వెన్సీ వెలుగులో ఏ రంగు ఎప్పుడు గట్టిపడిందన్నదాన్నిబట్టి దారిలో చేరిన వంకర తెలుస్తుంది. దాన్ని తిరగేసి మాస్క్‌లో కలపాలి. మూడు చుట్లలో 18 ఫెమ్టోసెకన్లకు వచ్చింది. ఇప్పుడు 150 మైక్రోవాట్లకే చుక్కలు కళ్లకు కట్టినట్టున్నాయి. పవర్ రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగింతలవుతోందా అని చూశాను. అలాగైతే లాగ్ గీతలో వాలు 2 రావాలి, 1.9 వచ్చింది. సరే, ఇది రెండు ఫోటాన్ల వెలుగే.

ఇంకొకటి. షేపర్ నుంచి బయటికొచ్చే పోలరైజేషన్ ఒకటి, శాంపిల్ దాకా చేరేది ఇంకొకటి. దారిలోని ప్రతి వెండి అద్దమూ నిలువుకీ అడ్డానికీ మధ్య ఫేజ్‌ని కొంచెం జరుపుతుంది. దాన్ని కూడా శాంపిల్ దగ్గరే కొలిచి సరిదిద్దాను. శాంపిల్ దగ్గర కొలవనిది ఏదీ తెలిసినట్టు కాదని ఇప్పటికి రెండుసార్లు దెబ్బ తిని నేర్చుకున్నాను.

8వ వారం

కొలిచిన జవాబును యంత్రానికి చూపించి దానిచేతే వెతికించడం పాత పద్ధతే, జడ్సన్, రబిట్జ్‌లు 1992లో అణువుల కోసం సూచించారు. నేనూ ఎవల్యూషన్ అల్గారిథమ్ (మంచి మాస్కులను ఎంచి, కలిపి, కాస్త మార్చి కొత్త తరం పుట్టించేది) పెట్టాను. 640 పిక్సెళ్లనూ వదిలేస్తే ఎప్పటికీ తేలదు, అందుకని ఒక్కో పోలరైజేషన్‌కి 40 బిందువులు తీసుకుని మధ్యలో నున్నగా కలిపాను. తరానికి 40 మాస్కులు, ఒక్కోదానికి 0.4 సెకను. వంద తరాలకు 27 నిమిషాలు.

మొదటి రాత్రి అది నాకు పాఠం చెప్పింది. "ఎడమ సందు వెలుగు పెంచు" అని అడిగాను. పెంచింది. కుడిది కూడా అంతే పెరిగింది. పల్స్‌లో మిగిలిన ఆ కాస్త చిర్ప్‌ని సరిచేసి ఊరుకుంది. అడిగింది అడిగినట్టే చేసింది పాపం. అడగాల్సింది వెలుగు కాదు, నిష్పత్తి.

రెండో రాత్రి నిష్పత్తి అడిగాను. 60వ తరానికి 0.68! కెమెరా బొమ్మలో ఎడమ చుక్క తెల్లగా, కుడిది బూడిద రంగులో. ఆ స్క్రీన్‌షాట్ అర్ధరాత్రి అందరికీ పంపాను.

పొద్దున జూనియర్ వచ్చి అదే మాస్క్‌ని బిళ్లల వరస మీద పెట్టి చూశాడు. నన్ను పిలవడానికి మొహమాటపడ్డాడు కూడా. "అన్నా, ఒకసారి ఇటు రా. బిళ్లల మీద కూడా ఎడమే వెలుగుతోంది."

0.51. పందిరి లేని బిళ్లల మీద.

అంటే నా 0.68లో చాలా భాగం ప్లాస్మాన్లది కాదు. బీమే పక్కకు జరిగింది. షేపర్‌లో ఇదో పాత జబ్బు: పల్స్‌ని సమయంలో వెనక్కి జరిపే మాస్క్ పెడితే, బయటికొచ్చే బీమ్ కూడా కొంచెం పక్కకు జరుగుతుంది. సమాంతరంగా జరిగిన బీమ్‌ని లెన్సు అదే చోటికి చేర్చాలి కదా, మరి చుక్క ఎందుకు కదిలింది? శాంపిల్ సరిగ్గా ఫోకస్‌లో లేదు. ఫోకస్‌కి కాస్త పైనుంటే, బీమ్ జరిగినప్పుడల్లా చుక్క కూడా నడుస్తుంది. అల్గారిథమ్ ఆ దొంగ దారి కనిపెట్టి దర్జాగా వాడుకుంది. దాని తప్పేముంది, తలుపు తీసిపెట్టింది నేను.

మేడమ్‌కి చెప్తే తిట్టలేదు. "బిళ్లలు పనికొచ్చాయా?" అని మాత్రం అడిగారు.

10వ వారం

మూడు మార్పులు చేశాను. ప్రతి తరానికీ ముందు ఆటో ఫోకస్. మాస్క్ నుంచి సూటిగా వాలే భాగం (పల్స్‌ని వెనక్కి జరిపేది అదే) తీసెయ్యడం, మిగిలినది కూడా పల్స్‌ని 100 ఫెమ్టోసెకన్లు మించి సాగదీయకుండా కట్టడి. ప్రతి మాస్క్‌నీ పందిరి మీద ఒకసారి, బిళ్లల మీద ఒకసారి కొలిచి, బిళ్లల అంకెను తీసేసి లెక్కించడం. చివరిదానివల్ల సమయం రెట్టింపు కంటే ఎక్కువైంది, స్టేజి అటూ ఇటూ తిరగాలి కదా. అయినా సరే.

ఈసారి అల్గారిథమ్ 0.68 జోలికి పోలేదు. ఎంత తిప్పలు పడ్డా 0.33. అంకె సగమైందని బాధ లేదు. నిజం చెప్పాలంటే ఆ 0.68 కంటే ఈ 0.33ని చూస్తేనే నాకు నిద్ర పట్టింది.

దొరికిన మాస్క్‌ని సిమ్యులేషన్ చెప్పిన దానితో పక్కపక్కన గీశాను. 740 నుంచి 850 వరకు రెండు పోలరైజేషన్ల మధ్య ఫేజ్ తేడా ఒకేలా వంగుతోంది. ఆ రెండు కొసలకు అవతల అల్గారిథమ్ గీత పిచ్చిగా ఎగురుతోంది. అక్కడ లేజర్‌లో వెలుగే సన్నగా ఉంది, ఏం పెట్టినా తేడా పడదు, కాబట్టి దానికి పట్టింపు లేదు. ఇలా చూశాక అల్గారిథమ్‌ని పక్కన పెట్టాలనిపించింది. వెతకాల్సిన అవసరం లేదు, లెక్కేసి పెట్టొచ్చు: ఒక్కో రంగుకీ రెండు జవాబులూ ఎడమ సందులో ఒకే తాళంలో పడేలా ఫేజ్ తేడాని సరిచేయడమే. ఇక పల్స్‌ని కుదించడానికి రెండు పోలరైజేషన్లకూ కలిపి ఇచ్చే ఉమ్మడి ఫేజ్ అలాగే చేతిలో మిగులుతుంది. ఒకటి వెలుగు ఎక్కడికి పోవాలో చెప్తే, ఇంకొకటి అక్కడికి ఎప్పుడు చేరాలో చెప్తుంది.

11వ వారం

లెక్కేసిన మాస్క్: +0.41. అదే మాస్క్‌లో ఒక పోలరైజేషన్‌కి π కలిపితే: −0.36. బిళ్లల మీద రెండుసార్లూ 0.04 లోపే. వేవ్‌ప్లేట్‌తో మాత్రమే చేస్తే ఎటు తిప్పినా 0.17 దాటలేదు.

సిమ్యులేషన్‌లో 0.8 ఉంటే ఇక్కడ సగమెందుకు? సందులు రెండూ సమానంగా లేవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఎడమది 18, కుడిది 25 నానోమీటర్లు. రెండు ఊపుల బలం సరితూగకపోతే కొట్టేసుకోవడం పూర్తి కాదు, ఎంతో కొంత మిగులుతుంది. పాళ్లు కూడా మార్చగలిగితే ఇంకా లాగొచ్చు, కానీ ఈ రెండు పొరలతో నాకు ఫేజ్ ఒక్కటే చేతిలో ఉంది. పైగా కెమెరాలో రెండు చుక్కలూ కొంత కలిసిపోతాయి. ఆ రెండూ చేర్చి సిమ్యులేషన్ మళ్లీ వేస్తే 0.48కి దిగింది.

11వ వారం, శనివారం

ఒక అనుమానం ఇంకా పీకుతోంది. బిళ్లలు వేరే చోట ఉన్నాయి, పందిరి వేరే చోట ఉంది. పందిరి దగ్గర మాత్రమే బీమ్‌లో ఏదో వంకర ఉంటే? శాంపిల్‌ని హోల్డర్‌లోంచి తీసి 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించాను. వెలుగు ఎటు పోవాలో పందిరి నిర్ణయిస్తుంటే, అదే మాస్క్‌కి కెమెరాలో వెలుగు ఇప్పుడు కుడివైపు రావాలి. బీమ్ నిర్ణయిస్తుంటే ఎడమనే ఉంటుంది.

అదే పందిరిని మళ్లీ వెతికి పట్టుకోవడానికి గంటన్నర పట్టింది. మూడో వరస, ఏడోది. ఫోకస్ సరిచేసి, మాస్క్ పెట్టి, కెమెరా ఆన్ చేశాను.

కుడి. −0.38.

జూనియర్ ఏమీ అనలేదు, π కలిపిన మాస్క్ పెట్టమని సైగ చేశాడు. ఎడమ, +0.35. అంకెలు బోర్డు మీద రాసి, శాంపిల్‌ని నైట్రోజన్ డబ్బాలో పెట్టాం. సోమవారం మళ్లీ అసలు దిశలో బిగించి, మూడో వరసలో మిగిలిన నాలుగు పందిళ్ల మీద ఇదంతా మొదటినుంచి చేయాలి.